హనుమంతప్ప తలెత్తిన రోజు

రెండు వేల పదకొండు జూన్‌లో నన్ను బళ్లారి జిల్లా సరిహద్దులోని ఒక తాలూకా ఆస్పత్రికి ఫిజీషియన్‌గా బదిలీ చేశారు. కత్తితో పని లేనివి, కాన్పులు కానివి, పిల్లల జబ్బులు కానివి ఏవైనా ఫిజీషియన్ బల్ల దగ్గరికే వస్తాయి. నేను పుట్టి పెరిగింది బళ్లారి కంటోన్మెంటులో. ఉద్యోగమంతా ఎక్కడెక్కడో చేసి, చివరి ఏళ్లకు సొంత జిల్లా చేరాను. చేరిన కొద్ది రోజులకే ఒక అదనపు బాధ్యత అప్పగించారు. నెలకొక ఊళ్లో జరిగే ఫ్లోరోసిస్ శిబిరానికి వెళ్లి రోగులను చూడటం ఆ బాధ్యత.

హగరి నదికీ ఆంధ్ర సరిహద్దుకూ మధ్య ఉన్న చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు వస్తాయి. తర్వాత ఎముకలు గట్టిపడి, వాటిని కట్టి ఉంచే పట్టీలకు సున్నం పట్టి, నడుమూ మెడా బిగుసుకుపోతాయి. ఈ ఫ్లోరోసిస్‌ను జనం నీళ్ల జబ్బు అంటారు. శిబిరంలో పరీక్ష సులువుగా ఉండేది. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమంటాం. గడ్డాన్ని రొమ్ముకు ఆనించమంటాం. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమంటాం. ఇవి చేయలేని వాళ్లకు ఆరోగ్య కార్యకర్త ఫారంలో అవును అని గుర్తు పెడతాడు. ఆ నడుము ఎందుకు వంగడం లేదన్న ప్రశ్న ఫారంలో లేదు. ఆ ప్రాంతంలో ఆ ప్రశ్న ఎవరికీ అవసరం అనిపించలేదు.

నేను వెళ్లిన రెండో శిబిరం సరిహద్దు పక్కనే ఉన్న చిన్న ఊళ్లో, పాఠశాల వరండాలో జరిగింది. ఊరి పెద్దలు మొదట హనుమంతప్పను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టారు. యాభై దాటిన వ్యవసాయ కూలీ. నడుము దగ్గర మొదలైన వంపు మెడ దాకా ఒకే గీతలా సాగి, ముఖం నేలకు తిరిగి ఉండేది. ఎదుటి మనిషిని చూడాలంటే మోకాళ్లు వంచి, వెనక్కి వాలి, కళ్లు మాత్రం పైకెత్తాలి. అప్పటికీ మెడలో వేసుకున్న నా స్టెతస్కోపు దాకానే అతనికి కనిపించేది. ఏ అధికారి వచ్చినా, ఏ పత్రిక వాళ్లు వచ్చినా ముందు చూపించేది హనుమంతప్పనేనని పెద్దలు కొంత గర్వంగానే చెప్పారు. ఊరికి శుద్ధి చేసిన నీళ్ల ప్లాంటు వచ్చింది కూడా అలా చూపించాకే.

నేను ముందుకు వంగి పలకరించబోతే అతను నవ్వాడు.

"మొగం చూపియ్యద్దు సార్, నాకు అందదు. చెప్పులు చూపిచ్చండి. ఇంగెప్పుడూ మర్చిపోను."

నా చెప్పులు చూసి, ఇవి బళ్లారిలో కొన్నవి కావని చెప్పాడు. నిజమే. ఊళ్లో ప్రతి ఒక్కరినీ అతను కాళ్లను బట్టే గుర్తుపడతాడని, అతని దగ్గర చేబదులు తీసుకున్నవాళ్లు చెప్పులు మార్చుకుని తిరుగుతారని ఎవరో అంటే వరండా అంతా నవ్వింది.

అతని కోసం సైకిలు పట్టుకుని ఒక యువకుడు గేటు దగ్గర నిలబడ్డాడు. కొడుకు ఎర్రిస్వామి. ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. పరీక్షకు రాలేదు, తండ్రిని తీసుకుపోవడానికి వచ్చాడు. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. అతను మెడ తిప్పలేదు. సైకిలుతో సహా మనిషి మొత్తం వెనక్కి తిరిగాడు. నేను ఆ రోజు శిబిరంలో చూసిన వాటిలో నాకు పనికొచ్చింది అదొక్కటే.

ఎర్రిస్వామిని పిలిచి నాణెం తీయమన్నాను. చేతి వేళ్లు మోకాళ్ల కిందికి కొంచెమే దిగాయి. పక్కనున్న కార్యకర్త ఫారం తీసి ఇతనికీ అవును అని రాయబోయాడు. నేను ఆపి, ఆ కుర్రవాడిని నోరు తెరవమన్నాను. పళ్లు తెల్లగా, మచ్చ లేకుండా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగిన వాడికి అలాంటి పళ్లు ఉండవు.

కారణం అడిగితే అంతా తల్లి వల్లేనన్నాడు. ఆమె సుంకమ్మ. భర్తకు నడుము వంగడం మొదలైనప్పుడు, అది నీళ్ల జబ్బని ఒక పాత శిబిరంలో చెప్పారు. అప్పటికి ఎర్రిస్వామి చంటిపిల్లాడు. ఆ రోజు నుంచి ఆమె కొడుక్కి ఊరి నీళ్లు ఒక్క గుక్క పట్టలేదు. కాలువ పారే నెలల్లో తుంగభద్ర కాలువ దాకా నడిచేది. కాలువ ఆగిన నెలల్లో హగరి ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరే దాకా కూర్చుని, బిందె నింపుకుని వచ్చేది. కొడుకు బడికి పోతే సీసాలో ఆ నీళ్లే. ప్లాంటు వచ్చాక కూడా చాలా కాలం దాన్ని నమ్మలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు అతను చెప్పింది ఒక్కటే, మా అమ్మ కాలువ నీళ్లు పోసి పెంచిందని.

ఎర్రిస్వామి యశ్వంతనగర్ దగ్గరి ఇనుప గనుల్లో టిప్పర్ డ్రైవరు. ఆ ఏడాది కోర్టు ఉత్తర్వుతో గనులు నిలిచిపోయాయి. వేలమంది డ్రైవర్లలాగే అతనూ ఇంటికి వచ్చాడు. నడుము నొప్పి రెండు మూడేళ్లుగా ఉందని, గనుల వైద్యుడు కుదుపుల వల్ల వచ్చిందని చెప్పి పడుకుని విశ్రాంతి తీసుకోమన్నాడని చెప్పాడు. నేను నొప్పి ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ అని అడిగాను. నడుము నొప్పిలో అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

"బండి తోల్తాన్నప్పుడు మధ్యాన్నానికంతా పోతాండె సార్. ఇప్పుడు పని లేక పండుకుంటే ఎక్కువైతాండాది. కోడి కూసేటప్పుడు లేసి తిరగాల. లేకుంటే కట్టెనే."

బరువులు ఎత్తడం వల్లో, కుదుపుల వల్లో వచ్చే నడుము నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది, పనితో పెరుగుతుంది. ఇతనిది తలకిందులుగా ఉంది. పడుకుంటే బిగుస్తోంది, కదిలితే వదులవుతోంది. కీళ్లలో వాపు వల్ల వచ్చే నొప్పి లక్షణం అది. ఇలాంటి వాపు కంటికీ రావచ్చు కాబట్టి, ఎప్పుడైనా కన్ను ఎర్రబడిందా అని అడిగాను. కిందటేడు ఒక కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయాడని, కండ్లకలక అని చుక్కల మందు ఇచ్చారని అన్నాడు. నేను అతన్నీ, తండ్రినీ ఆస్పత్రికి రమ్మన్నాను.

ఆస్పత్రిలో చేసిన పరీక్షలు ఇవి. నడుము కింది భాగంలో వెన్ను మీద పెన్నుతో రెండు గీతలు పెట్టి, ముందుకు వంగమని, గీతల మధ్య దూరం ఎంత సాగిందో టేపుతో కొలవాలి. వెన్ను కదిలే మనిషిలో గీతలు బాగా దూరం జరుగుతాయి. ఎర్రిస్వామిలో అంతంత మాత్రమే జరిగాయి. రొమ్ము చుట్టూ టేపు పెట్టి, ఊపిరి పూర్తిగా పీల్చినప్పుడూ వదిలినప్పుడూ తేడా చూడాలి. పక్కటెముకలు వెన్నుకు అతుక్కునే చోట వాపు ఉంటే ఆ తేడా తగ్గుతుంది. తర్వాత మడమలూ పిరుదులూ గోడకు ఆనించి నిలబెట్టి, తల వెనక భాగం గోడకు తాకుతుందో లేదో చూడాలి. ఎర్రిస్వామి తల తాకింది. తండ్రి తలకూ గోడకూ మధ్య నా ముంజేతి పొడవు పెట్టినా ఇంకా ఖాళీ మిగిలేది.

ఎక్స్‌రేలు ఇద్దరికీ తీయించాను. ముంజేతికి ఒకటి, కటి భాగానికి ఒకటి. ఫ్లోరోసిస్‌లో ముంజేతి రెండు ఎముకల మధ్యనుండే పలుచని పొరకు సున్నం పట్టి, ఎక్స్‌రేలో ముళ్లలా కనిపిస్తుంది. ఇది ఆ జబ్బుకు మంచి గుర్తు. రెండో ఫిలింలో చూడాల్సింది వెన్నెముక అడుగు భాగం తుంటి ఎముకలతో కలిసే రెండు కీళ్లను. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు అక్కడే మొదలవుతుంది. అది వాత జబ్బుల్లో ఒకటి. శరీరపు రక్షణ వ్యవస్థ తన కీళ్ల మీదే తిరగబడటం వల్ల వెన్నులో వాపు వచ్చి, వాపు ఆరే చోటల్లా కొత్త ఎముక పుట్టి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చివరికి ఎక్స్‌రేలో వెన్ను వెదురు గడలా కనిపిస్తుంది.

కొడుకు ఫిలింలో ఆ రెండు కీళ్ల అంచులు కొరికినట్టు ఉన్నాయి. తండ్రి ఫిలింలో కీళ్లే లేవు. అక్కడ ఎముక మాత్రమే ఉంది. పైన వెన్ను వెదురే. ఇద్దరి ముంజేతులూ శుభ్రంగా ఉన్నాయి. ఊరి నీళ్లలో ఫ్లోరైడు ఉన్నమాట నిజం, అయితే తాగిన అందరి ఎముకలకూ అది పట్టదు. ఆ ఊళ్లో నీళ్ల జబ్బు ఉన్నవాళ్లూ నిజంగానే ఉన్నారు. కానీ ఇరవై ఏళ్లుగా ఆ జబ్బుకు ముఖంగా నిలబెట్టిన మనిషికి ఆ జబ్బు లేదు.

రక్తం బెంగళూరుకు పంపితే ఈ జబ్బుతో ముడిపడిన హెచ్.ఎల్.ఏ. బి27 అనే గుర్తు కొడుకులో ఉందని వచ్చింది. ఈ గుర్తు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. వచ్చినవాళ్లలో మాత్రం ఎక్కువమందికి ఈ గుర్తు ఉంటుంది. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రావచ్చు.

సుంకమ్మను కూడా పిలిపించి ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. నా పద్ధతి ప్రకారం ముందు జబ్బు పేరు, తర్వాత అది ఏది కాదో, తర్వాత మందు. నీళ్ల వల్ల కాదని చెప్పాను. హనుమంతప్ప నేలను చూస్తూనే భార్యతో అన్నాడు.

"నీళ్లల్లో లేదంట సుంకీ. నాలోనే ఉండాదంట."

సుంకమ్మ కొంగు సరిచేసుకుని నన్ను అడిగింది.

"అయితే నేను మోసిన నీళ్లు, సార్?"

ఆ నీళ్ల వల్లే మీ కొడుకు పళ్లు బాగున్నాయని, ఎముకలకు ఫ్లోరైడు పట్టలేదని చెప్పాను. అది నిజమే. ఆమె అడిగింది మాత్రం అది కాదు. పళ్ల కోసం ఎవరూ ఇరవై ఏళ్లు చెలమ దగ్గర కూర్చోరు.

కొడుకు విషయంలో ఆశ ఉందని స్పష్టంగా చెప్పాను. అతని వెన్నుపూసలు ఇంకా అతుక్కోలేదు. వాపు తగ్గించే మాత్రలు, వాటితో పాటు కడుపు కాపాడే మాత్ర. మందు కన్నా ముఖ్యం వ్యాయామం. రోజూ పొద్దున గోడకు ఆని నిలబడి తల వెనక్కి నెట్టాలి. ఊపిరి నిండా పీల్చి రొమ్ము విప్పార్చాలి. దిండు లేకుండా బోర్లా పడుకోవాలి. కారణం ఏమిటంటే, ఈ జబ్బులో వెన్ను ఒకవేళ అతుక్కున్నా ఏ భంగిమలో అతుక్కుంటుందన్నది కొంతవరకు మన చేతిలో ఉంటుంది. నిటారుగా అతుక్కున్న మనిషి రోడ్డు చూస్తూ నడుస్తాడు. వంగి అతుక్కున్న మనిషి బతుకంతా నేలను చూస్తాడు. ఈ మాట చెప్పేటప్పుడు తండ్రి అక్కడే ఉన్నాడు. మరో విధంగా చెప్పే వీలు లేదు.

తండ్రి గురించి వేరుగా హెచ్చరించాను. అతుక్కుపోయిన వెన్ను గట్టిగా కనబడుతుంది, కానీ సుద్దముక్కలా పెళుసు. అతన్ని ఎవరూ సాగదీయకూడదు, నాటువైద్యుల దగ్గర కట్లు కట్టించకూడదు. చిన్నగా పడినా సరే ఆస్పత్రికి తీసుకురావాలి. ఎర్రిస్వామి దాన్ని నా ముందే రెండుసార్లు అప్పజెప్పాడు.

తర్వాతి ఆరేడు నెలలు నా ఉద్యోగంలో తృప్తిగా గడిచిన కాలం. ఎర్రిస్వామి ప్రతి నెలా వచ్చేవాడు. పొద్దుటి బిగువు తగ్గింది. టేపు కొలతలు మెల్లగా పెరిగాయి. వ్యాయామాలు తల్లి దగ్గరుండి చేయించేది. నీళ్ల మీద పెట్టిన శ్రద్ధంతా ఇప్పుడు గోడ మీదికి మళ్లింది. ఇంటి ముందు గోడకు సున్నం వేసి, కొడుకు తల ఆనే చోట బొగ్గుతో గుర్తు పెట్టిందట. దారిన పోయేవాళ్లు, ఏమ్మా సుంకమ్మా, కొడుకును గోడకేసి అచ్చు గుద్దుతాండావా అని ఎగతాళి చేసేవారట.

హనుమంతప్పలో మాత్రం ఒక మార్పు వచ్చిందని కొడుకు చెప్పాడు. ఎవరైనా అధికారి వస్తే ఇప్పుడు వెళ్లి నిలబడటం లేదు. ఊరివాళ్లు నొచ్చుకున్నారు. జబ్బు పేరు మారితే ఊరికి రావాల్సిన మంచినీళ్ల పైపులైను ఆగిపోతుందేమోనని ఒక పెద్దమనిషి నా దగ్గరికి కూడా వచ్చి, ఏ జబ్బయితే ఏంది సార్, నడుము వంగిందే కదా అన్నాడు. నీళ్ల పరీక్ష వేరే ఉందని, దానికీ హనుమంతప్ప నడుముకూ సంబంధం లేదని చెప్పి పంపాను. ఇంట్లో మాత్రం హనుమంతప్ప ఒక పని తన మీద వేసుకున్నాడు. ఇక నువ్వు నీళ్ల కోసం ఎక్కడికీ పోవద్దని భార్యకు చెప్పి, ప్లాంటు నుంచి నీళ్ల క్యాను సైకిలు మీద కట్టుకుని, తోసుకుంటూ తనే తెచ్చేవాడు.

మరుసటి ఎండాకాలంలో ప్లాంటు ముందున్న వాలులో సైకిలు జారి, దాంతో పాటే అతనూ పడ్డాడు. వెనక్కి పడ్డాడు. అక్కడున్నవాళ్లు లేవదీసి కూర్చోబెట్టారు. పెద్దగా నొప్పి లేదన్నాడు. మెడ దగ్గర కొంచెం కలుక్కుమందన్నాడు. లేచి నిలబడ్డాక చూస్తే తల పైకి వచ్చి ఉంది. అతనికి ఎదురుగా ఉన్న మనుషుల ముఖాలు కనిపించాయి. ఒక్కొక్కరినీ చూసి, నువ్వు ఫలానా కదా అని అడిగాడట. కొందరి పేర్లు, వాళ్లు కాళ్లు కదిపితే గానీ చెప్పలేకపోయాడట.

ఊరంతా అక్కడికి చేరింది. ప్లాంటు నడిపే మనిషి, ముందే ఎవరైనా తోసేసి ఉంటే ఇన్నేళ్లు వంగి తిరిగే పనే ఉండేది కాదు కదప్పా అన్నాడని, దానికి అందరికన్నా ఎక్కువ నవ్వింది హనుమంతప్పేనని ఎర్రిస్వామి నాకు తర్వాత చెప్పాడు. చుట్టాలు వచ్చి చూసి పోయారు. సుంకమ్మ కోడిని కోసింది. ఎర్రిస్వామి మాత్రం, పడితే రమ్మన్నారు కదా అని పట్టుబట్టాడు. బాగైన మనిషిని ఆస్పత్రికి ఎందుకని కొందరన్నారు. చూపించి రావడానికైనా పోదాం అని హనుమంతప్పే అన్నాడట. ఇదంతా అయ్యేసరికి మూడో రోజు వచ్చింది. ఆ రోడ్డు అప్పట్లో గుంతలు తప్ప మరేమీ కాదు. దాని మీద, ఇతర ప్రయాణికులతో పాటు, ఆటోలో వచ్చారు.

నేను ఓపీలో ఉన్నాను. హనుమంతప్ప తనంతట తాను నడిచి లోపలికి వచ్చాడు. తల ఎత్తి ఉంది. నా ముఖం చూశాడు.

"మీరింత పెద్దోరని అనుకోలేదు సార్. చెప్పులు చూసి వయసు పిల్లోడు అనుకుంటి."

వెనక సుంకమ్మ నవ్వుతూ ఉంది. మా నర్సు కూడా చప్పట్లు కొట్టబోయింది. నేను లేచి వెళ్లి అతని తలను రెండు చేతులతో పట్టుకుని, మాట్లాడవద్దని, తల ఊపవద్దని చెప్పాను. కారణం చాలా సరళం. అతని మెడలో కీళ్లు లేవు. ఉన్నది ఒకే ఎముక. ఒకే ఎముక వంగదు, సాగదు. అది కదిలిందంటే విరిగిందని అర్థం. మామూలు మనిషి మెడలో ఒక పూస విరిగితే పైనా కిందా ఉన్న కీళ్లు కొంత కుదుపును తీసుకుంటాయి. వెదురు వెన్ను విరిగితే పై ముక్క మొత్తం, కింది ముక్క మొత్తం, మధ్యలో వెన్నుపాము.

ఇలాంటి రోగిని వెల్లకిలా చాప మీద పరిచినట్టు పడుకోబెట్టకూడదు. విరగక ముందు మెడ ఏ వంపులో ఉండేదో తిరిగి ఆ వంపుకే ఆసరా ఇవ్వాలి. దిండ్లు, మడిచిన దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, తల మెల్లగా వాటి మీద పెట్టాం. రెండు పక్కలా ఇసుక సంచులు. తర్వాత చేతుల్లో బలం చూశాను. వేళ్ల మధ్య కాగితం పెట్టి లాగుతుంటే పట్టుకోవాలి. కుడి చేయి పట్టుకుంది. ఎడమ చేతి వేళ్ల మధ్య నుంచి కాగితం జారిపోయింది. అది ఎప్పటి నుంచని అడిగితే, ఆటో దిగినప్పటి నుంచి చేయి తిమ్మిరిగా ఉందన్నాడు.

దిండ్లు పేర్చేటప్పుడు అతను నన్ను అడిగాడు.

"మళ్లా ఎందుకు వంచుతాండారు సార్? ఇప్పుడే కదా సాపయింది."

మెడ ఎముక విరిగిందని, అందుకే తల పైకి వచ్చిందని చెప్పాను. అతను కళ్లు పైకే ఉంచి గది కప్పును చూస్తూ పడుకున్నాడు. సుంకమ్మకు నేను చెప్పింది అర్థమైందని ఆమె నవ్వు ఆగిపోవడం వల్ల తెలిసింది.

నర్సును తోడిచ్చి, మెడను ఏ వంపులో ఉంచాలో కాగితం మీద బొమ్మ గీసి, బళ్లారి పెద్దాస్పత్రికి అంబులెన్సులో పంపాను. అక్కడి వాళ్లు చేయాల్సినవన్నీ చేశారు. మెడ పూస అడ్డంగా విరిగి, వెన్నుపాము చుట్టూ రక్తం గడ్డకట్టిందని స్కానులో తేలింది. సాయంత్రానికి రెండు చేతులూ కాళ్లూ కదలడం ఆగిపోయాయి. తర్వాత ఊపిరి. ఆ వారం దాటకుండా హనుమంతప్ప చనిపోయాడు. వాళ్లలో పూడ్చే ఆచారం. గుంత తవ్వినప్పుడు, ఇంత పొడుగు మనిషా అని తవ్వేవాళ్లు ఆశ్చర్యపోయారని విన్నాను.

కర్మలు అయ్యాక ఎర్రిస్వామి రాలేదు. కబురు పంపితే తల్లితో కలిసి వచ్చాడు. మాట్లాడింది ఆమె.

"సాపయినాడు, సచ్చిపోయినాడు సార్. నా కొడుకును సాపు చేయొద్దు."

తండ్రి వెన్ను వేరని, కొడుకు వెన్ను ఇంకా మెత్తగా ఉందని, గోడకు ఆని నిలబడటంలో ఏ ప్రమాదమూ లేదని, మానేస్తేనే ప్రమాదమని నాకు తెలిసిన అన్ని విధాలా చెప్పాను. ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆమె వాటిని శ్రద్ధగానే చూసింది. తర్వాత గొంతు పెంచకుండా చెప్పింది.

"నీళ్లని మీవాళ్లే చెప్పిరి. మోస్తిని. నీళ్లు కాదని మీరు చెప్పిరి. నిల్పితిని. గోడ అంటిరి. పొద్దున్నే లేపి నిలబెడ్తి. ఇంగ నాతో కాదు సార్."

నా దగ్గర జవాబు ఉంది. అది వైద్యపరంగా సరైన జవాబు కూడా. ఆమెకు చెప్పాను. ఆమె నమస్కారం పెట్టి లేచింది. ఇంటికి పోయి గోడ మీద బొగ్గు గుర్తును పేడతో అలికేసిందని తర్వాత విన్నాను. ఎర్రిస్వామి ఆమె మాటకు ఎదురు చెప్పలేదు. తండ్రిని ఆటో ఎక్కించింది తనేనన్న సంగతి అతని మనసులో ఉందని నాకు అనుమానం. మాత్రలు కొన్నాళ్లు వాడాడు, తర్వాత అవీ ఆపాడు. ఊళ్లోని కార్యకర్త ద్వారా నాలుగైదు సార్లు కబురు పెట్టాను. రాలేదు. ప్రభుత్వ వైద్యుడికి ఇంతకు మించిన అధికారం లేదు.

గనులు మళ్లీ తెరిచాక అతను యశ్వంతనగర్‌కు పనికి వెళ్లాడు. మెడ తిరగదు కాబట్టి టిప్పరుకు అదనంగా అద్దాలు బిగించుకుని నడిపాడట. ఒకసారి రివర్సు తీస్తూ గట్టును గుద్దాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ పని పోయింది. తర్వాత లోడింగు దగ్గర లెక్కలు రాసే పనిలో కూర్చోబెట్టారు. కూర్చునే పని. ఈ జబ్బుకు అంతకన్నా చెడ్డ పని ఉండదు.

తండ్రి పోయిన ఆరేడేళ్లకు, నేను పదవీ విరమణ చేయడానికి కొద్ది నెలల ముందు అతను తిరిగి వచ్చాడు. అప్పటికి ఈ జబ్బులో వాపును మూలంలోనే అడ్డుకునే కొత్త రకం సూదిమందు మా జిల్లాకూ అందుబాటులోకి వచ్చింది. దాని గురించి ఎక్కడో విని వచ్చాడు. ఆ సూది వేసే ముందు క్షయ లేదని తేల్చుకోవాలి. లోపల దాగి ఉన్న క్షయను అది నిద్రలేపగలదు. పరీక్ష చేస్తే దాగి ఉన్న క్షయ ఉందని తేలింది. ముందు దానికి మందు వాడాలి. అది కొన్ని నెలల పని. ఈలోగా తీసిన ఎక్స్‌రేలో అతని వెన్ను నడుము నుంచి మెడ మొదలు దాకా అతుక్కుపోయి ఉంది. ఆ సూది నొప్పిని తగ్గిస్తుంది. అతుక్కున్నదాన్ని విడదీయదు. ఈ సంగతి చెప్పాను.

"నొప్పి పోతే సాలు సార్."

గోడకు నిలబెట్టి కొలిచాను. మొదటిసారి తాకిన తల ఈసారి గోడకు దూరంగా, ముందుకు ఉంది. టేపు చుట్టి డ్రాయరులో పెడుతుంటే అతను నేల మీద నుంచి చూపు తీయకుండా అన్నాడు.

"చెప్పులు మార్చినారు సార్."

క్షయ మందు రాసిచ్చి, నా తర్వాత వచ్చే వైద్యుడికి ఉత్తరం రాశాను. సూది మొదలుపెట్టారని తర్వాత తెలిసింది. నొప్పి తగ్గిందట. వంపు అలాగే ఉంది. అది అలాగే ఉంటుంది.

ఆ రోజుల డైరీలు ఈ మధ్య మళ్లీ చదివాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు వాటి నుంచి చెప్పదగ్గవి కొన్నే ఉన్నాయి. పడుకుంటే పెరిగి, నడిస్తే తగ్గే నడుము నొప్పిని కుదుపుల మీదికో నీళ్ల మీదికో నెట్టకుండా కటి ఎక్స్‌రే తీయించాలి. ఏళ్ల తరబడి బిగుసుకున్న వెన్ను ఉన్నట్టుండి నిటారైందని ఎవరైనా సంతోషంగా చెబితే, అది విరిగిందనుకుని, పాత వంపులోనే ఆసరా పెట్టి, ఆ తర్వాతే మిగతా సంగతి చూడాలి. ఒక ఊరికి ఒక జబ్బు పేరు పడిపోయాక, అక్కడ వంగిన ప్రతి నడుమునూ ఆ పేరుతోనే రాసేస్తాం. ఆ రాత తప్పయితే నష్టం ఒక రోగితో ఆగదు. మన మాట నమ్మి ఒక ఇల్లు చేయగలిగినంతా చేసేస్తుంది. ఆ తర్వాత మనం సరైన మాటతో వెళ్లేసరికి, దాన్ని నమ్మే శక్తి ఆ ఇంట్లో మిగిలి ఉండదు.